గట్ల మీది చెట్లలో కోడు బుడిపెలు



చిలకలూరిపేట మొదలు అద్దంకి, ఒంగోలు దాకా మన నల్లరేగడి నేలల్లో కానుగచెట్టు లేని ఊరు ఉండదు. డొంక ప్రక్కన గాని, చెరువుకట్ట మీద గాని నిలబడి ఆ కానుగ కొమ్మ నొకదానిని వంచి ఆకులు చూడండి. ఆకు మీద పెసరగింజలంతేసి బుడిపెలు ఉంటాయి. కొన్ని మొటిమల లాగా గుండ్రంగా, కొన్ని చిన్నపిల్లల చిటికెనవ్రేలి కొనలాగా నిలువుగా లేచి ఉంటాయి. ఆకును రెండవవైపుకు త్రిప్పి చూస్తే ఒక్కొక్క బుడిపెకు సన్నని నోరు ఒకటి కనబడుతుంది. ఏ యేడు చూచినా అంతే. ఇన్నాళ్ళుగా మీరు ఆ చెట్టు నీడన సద్దిమూట విప్పుతున్నారు, ఆ ఆకును పచ్చిరొట్టగా దమ్ములో తొక్కిస్తున్నారు. ఈ బుడిపెలను ఎవరూ పట్టించుకొన్నది లేదు.

కాని ఏదో ఒక యేడు మిరపతోటలో ఆకు ముడుచుకొంటుంది. అప్పుడు గట్టు మీది కానుగ ఆకు హఠాత్తుగా కంట్లో పడుతుంది. "ఇదిగో, జబ్బు ఇక్కడనుండే వస్తున్నది, చెట్టు నరికేద్దాం" అని ఒకరంటారు. "నరకడమెందుకు, మిరపకు కొట్టే మందే దీనికీ రెండు ట్యాంకులు కొడదాం" అని ఇంకొకరంటారు. ఈ రెండు పనులూ వృథా. ఎందుకు వృథాయో, మరి ఏ బుడిపెను చూచి జాగ్రత్తపడవలెనో, చూచినదానిని కాగితం మీద ఎట్లా పెట్టవలెనో ఈనాడు చెప్పుకొందాం.

ముందు పేరు సంగతి. వరిలో ఉల్లికోడు మీకు క్రొత్త కాదు. తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు వరి పండించేవారికి మరీ బాగా తెలుసు. పిలక నడిమి ఆకు ఉల్లికాడ లాగా గొట్టమై తెల్లగా బయటకు వస్తుంది, ఇక ఆ పిలకకు వెన్ను రాదు. నువ్వుచేలో మొగ్గ పువ్వు కాకుండా కాయ కాకుండా ఉబ్బి నిలిచిపోతే కోడు ఈగ తగిలిందంటారు. ఆ మాటనే తీసికొని, పురుగు మూలంగా చెట్టుకు పుట్టే ఇటువంటి వాపు నంతటినీ మనం ఇక్కడ కోడు బుడిపె అందాం.

ఇది పుండు కాదు, పురుగు కట్టిన గూడు అంతకంటే కాదు. కట్టేది చెట్టే, కట్టించుకొనేది పురుగు. తల్లి లేత చిగురులోనో మొగ్గలోనో గుడ్డు పెడుతుంది. పిల్ల బయటికి వచ్చి అక్కడి రసం పీల్చడం మొదలు పెట్టగానే దాని నోటినుండి దిగే పదార్థాల వల్ల ఆ చోటి కణాలు దారి తప్పుతాయి. ఆకుగా పరచుకోవలసినవి గుంపుగా పెరిగి పురుగు చుట్టూ గోడ కడతాయి. లోపల మెత్తని తిండి, బయట గట్టి గోడ. ఎండ తగలదు, వాన తగలదు, మీరు కొట్టే మందు చుక్క కూడా తగలదు. లోపలి పిల్ల చిన్నతనంలోనే చచ్చిపోతే చాలావాటిలో బుడిపె పెరుగుదల కూడా అక్కడితో ఆగిపోతుంది. ముదిరిన ఆకులో గాని, పెరుగుదల ఆగిపోయిన కొమ్మలో గాని ఇది సాగదు. అందువల్లనే క్రొత్త బుడిపెల కోసం చిగురు వేసే కాలంలో చూడవలె. కానుగ అయితే ఎండకాలం ముందు ఆకు రాల్చి, ఉగాది నాటికి లేత చిగురుతో ఉంటుంది. వెదకడానికి అదే అదను.

కోడు బుడిపె అడవి చెట్లకే ఉన్న వింత అనుకోకండి. మూలికల అంగడిలో మాచికాయ అడిగితే గుండ్రని గట్టి కాయ ఇస్తారు గదా, అది కాయ కాదు. టర్కీ, ఇరాన్ వైపు పెరిగే ఒక సింధూర జాతి చెట్టుకు చిన్న కందిరీగ కట్టించిన బుడిపె అది. దానిలోని వగరుతోనే పూర్వం సిరా కాచేవారు, తోళ్ళు పదును పెట్టేవారు. వైద్యులు వాడే కర్కాటకశృంగి కూడా అటువంటిదే. హిమాలయాల వైపు చెట్టు మీద ఒక రకం పేనుబంక చేయించిన కొమ్ము అది. ఇక మేడిపండులోని పురుగుల సంగతి వేమన నాటినుండి మనకు తెలిసినదే. అవి కుళ్ళువల్ల పుట్టిన పురుగులు కావు. పండు అని మనం పిలిచేది లోపలికి తిరిగిన పూలగుత్తి. ఆవగింజకంటె చిన్నదైన కందిరీగ లోపలికి దూరి కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది. ఆ పూలు ఒక్కొక్కటీ ఒక్కొక్క చిన్న కోడు బుడిపె అవుతాయి. తక్కిన పూలకు పుప్పొడి అంటించేది కూడా ఆ ఈగే. అది లేకపోతే మేడికి విత్తనమే లేదు.

ఇక గట్టు వెంట నడుద్దాం. మొదట చూచిన కానుగ ఆకు బుడిపెలో ఉండేది పురుగు కాదు, నల్లి. మిరపకు కింది ముడత తెచ్చే నల్లికీ, పత్తి మీది ఎర్రనల్లికీ ఎనిమిది కాళ్ళుంటాయి. కానుగ నల్లికి నాలుగే. తెల్లగా, దారపు ముక్కలాగా ఉంటుంది. అయిదింటిని బారుగా పేర్చితే ఒక్క మిల్లీమీటరు. పది రెట్ల భూతద్దం పెట్టి, బుడిపెను బ్లేడుతో నిలువునా చీల్చి, లోపలి నూగులో ఓపికగా చూస్తే కదలిక తెలుస్తుంది. ఇది కానుగ లేత ఆకును విడిచి బ్రతకలేదు. ఆకు ఎండిపోతే అదీ పోతుంది. కాబట్టి ఆ రొట్టను పొలంలో తొక్కించడానికి మీరు వెనుకాడవలసిన పని లేదు, మిరపకు దానివల్ల ముడత రాదు.

అదే కానుగకు పూతకాలంలో కొన్ని పూమొగ్గలు విచ్చుకోకుండా ఉబ్బి గుండ్రంగా ఉండిపోతాయి. అది నల్లి పని కాదు, దోమ వంటి చిన్న ఈగ పని. చెట్టు ఒకటే, కాపురాలు రెండు. "కానుగ బుడిపె" అని మాత్రమే వ్రాసికొంటే ఎందుకు చాలదో దీనివల్ల తెలుస్తున్నది గదా. ఈ మొగ్గ ఈగ ఇంటిపేరు ఆస్ఫాండీలియా. నువ్వు మొగ్గను చెడగొట్టే కోడు ఈగదీ అదే ఇంటిపేరు. మిరపలో కూడా ఈ ఇంటిపేరు గల ఈగ ఒకటి ఉన్నది. మొగ్గలో గుడ్డు పెడితే పువ్వు విచ్చుకోదు, ఒకవేళ పిందె కట్టినా వంకరగా, పొట్టిగా, ఉబ్బెత్తుగా ఉంటుంది. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన కాపురం ఒకటి కాదు. కానుగ మొగ్గ ఈగ మిరపకు రాదు, నువ్వు ఈగ కానుగకు పోదు. (ఈ జాతి ఈగలు మొగ్గలో గుడ్డుతోపాటు ఒక రకం బూజును కూడా నాటుతాయి, పిల్ల ఆ బూజును తిని పెరుగుతుంది. మనుషులే సేద్యం కనిపెట్టారని మనం గర్వపడుతూ ఉంటాం!)

కంచె మీద ప్రాకే కాకిదొండ తీగను చూడండి. తీగ అక్కడక్కడ ముడివేసినట్లు, పొడుగుగా వాచి ఉంటుంది. చీల్చితే చిన్నచిన్న గదులు, గదికొక నారింజ రంగు పిల్లపురుగు. ఇదీ దోమవంటి ఈగే. కాకరతీగకు ఇటువంటి వాపు తెచ్చేది దీనికి దగ్గర చుట్టమైన వేరే ఈగ. కాకర, దొండ పాదులు వేసినవారు రెండింటినీ చీల్చి ప్రక్కప్రక్కన పెట్టి చూడవచ్చు.

బీడులో వెంపలిచెట్టు కాండం నడిమి భాగం కదురులాగా ఉబ్బి ఉంటే అందులో ఉన్నది ఈగ పిల్ల కాదు, రెక్కల పురుగు పిల్ల, అంటే గొంగళి. తల స్పష్టంగా, రొమ్ము దగ్గర మూడు జతల కాళ్ళతో కనబడుతుంది. ఈగ పిల్లకు కాళ్ళూ ఉండవు, తల కూడా తెలియదు. ఈ ఒక్క తేడా పట్టుకొంటే సగం పని అయినట్లే.

తెల్లతుమ్మ కొమ్మల కణుపుల దగ్గర మొగ్గ గుబురుగా, గులాబి లాగా గుమిగూడి ఉంటే విప్పి తెల్లకాగితం మీద దులపండి. సన్నని నల్లని నలుసులు పరుగెత్తుతాయి. అవి తామర పురుగులు. తామర పురుగు అనగానే మిరప రైతుకు గుండె గుభేలుమనడం సహజం. కాని తెల్లతుమ్మ తామర పురుగు తుమ్మను పట్టుకొని ఉండేదే. 1928లో దక్షిణ భారత కీటక శాస్త్రజ్ఞులు టి. వి. రామకృష్ణ అయ్యరు గారు దానికి పేరు పెట్టారు. మిరపకు పై ముడత తెచ్చేది వేరు, 2021లో మిరపపూలలో గుంపులుగా దిగిన నల్ల తామర పురుగు వేరు, ఇది వేరు.

జమ్మి గురించి కొంచెం ఆగి చెప్పవలె. దసరానాడు ఊరంతా జమ్మిచెట్టు దగ్గరకు పోతాం గాని పైకి తలెత్తి చూచేవారు తక్కువ. పూలగుత్తులకు బదులు వ్రేలాడే గట్టి ముద్దలు నల్లి చేయించినవి, ఆకుల మీదివి ఈగ చేయించినవి. ఒకే చెట్టు మీద నాలుగు రకాలు దొరికినా ఆశ్చర్యం లేదు. కోడు బుడిపెలు నేర్చుకోవడానికి బడిపిల్లలను తీసుకొని పోదగిన చెట్టు ఇదే. మేడి ఆకు మీద గట్టిగా, ఒకదానికొకటి అతుక్కొని ఉండే గుండ్లు పచ్చదోమకు దూరపు చుట్టమైన గెంతుడు పురుగువి. రేగుకొమ్మల మీద చెక్కలాంటి బుడిపెలు నల్లివి. మామిడి ఆకు మీద మొటిమలు ఈగవి. వీటిని పేరుపేరునా చెప్పుకొంటూ పోతే ఈ వ్యాసం చాలదు. ఎం. ఎస్. మణిగారు 1973లో భారతదేశపు కోడు బుడిపెల మీద ఇంగ్లీషులో ఒక పెద్ద గ్రంథమే ప్రచురించారు. అంతకు ముందు 1964లో ప్రపంచమంతటి బుడిపెల గురించి మరొకటి వ్రాశారు. వ్యవసాయ కళాశాలల గ్రంథాలయాలలో అడిగి చూడండి.

మరి అన్నీ నిరపాయమేనా అని మీరడుగవచ్చు. అన్నీ కాదు. ఎక్కువ భాగం కోడు పురుగులు ఒక్క మొక్కనో, దాని దగ్గర చుట్టాలనో అంటిపెట్టుకొని ఉంటాయి గాని, లెక్క తప్పేవి కొన్ని ఉన్నవి. పత్తి రైతులు ముఖ్యంగా ఒకదానిని గుర్తుపెట్టుకోవలె. అది పత్తి కాండపు ముక్కు పురుగు. పిల్ల కాండంలో నేలమట్టం దగ్గర బెరడుకూ చెక్కకూ మధ్య తొలుస్తుంది. అక్కడ కాండం ఉంగరంలాగా ఉబ్బుతుంది. మొక్క వాడుతుంది, లేదా గాలికి సరిగా ఆ వాపు దగ్గరే విరిగి పడుతుంది. తమిళనాడు పత్తి రైతులకు ఇది పాత శత్రువు. పత్తి లేని రోజుల్లో ఇది బెండలోను, తుత్తురుబెండ వంటి పత్తి కుటుంబపు కలుపు మొక్కలలోను బ్రతుకుతుంది. కాబట్టి పత్తిచేను గట్టున తుత్తురుబెండ మొదట్లో వాపు కనబడితే కత్తితో చీల్చండి. కాళ్ళు లేని, వంగిన, తెల్లని పిల్లపురుగు గోధుమరంగు తలతో కనబడితే దానిని వ్రాసిపెట్టి, వెంటనే మీ గ్రామ వ్యవసాయ సహాయకునికి చూపండి. కానుగ మీద చూపించే తొందర ఇక్కడ చూపించవలె.

పురుగు ఒక్క మొక్కనే పట్టుకొంటుందా, లేదా అన్నది శాస్త్రజ్ఞులకు కూడా చిన్న ప్రశ్న కాదు. వయ్యారిభామ కాండంలో బుడిపె చేయించే ఒక రెక్కల పురుగును ఆస్ట్రేలియాలో ఆ కలుపును అణచడానికి 1982లో విడిచిపెట్టారు. మన దేశానికి కూడా 1985లో తెప్పించారు. గదుల్లో పెట్టి పరీక్షిస్తే అది వలిసె మొక్క మీద కూడా పెరిగి పెద్దదయింది. వలిసె మనకు నూనెపంట. అంతే, ఆ పురుగులనన్నిటినీ నాశనం చేశారు, ఒక్కటి కూడా బయటికి వదలలేదు. తెలిసిన తరువాతనే చేయి వేయవలెనన్న నియమాన్ని అక్కడ పాటించారు.

మన జిల్లాలలో ఆ నియమం తప్పినందుకు ఖరీదు ఎంతయిందో మీకు నేను చెప్పనక్కరలేదు. 1984-85లో గుంటూరు, ప్రకాశం పత్తిచేలను తెల్లదోమ తినివేసింది. పచ్చపురుగు కోసం మళ్ళీ మళ్ళీ కొట్టిన మందులు మిత్రపురుగులను చంపి తెల్లదోమకు దారి వేశాయి. 1987-88లో శనగపచ్చ పురుగు మందులకు లొంగలేదు. అప్పుల పాలై ప్రాణాలు తీసికొన్న రైతులు మన మధ్యవారే. పేరు తెలియని పురుగుకు పేరు తెలియని మందు కొట్టిన రోజులు అవి. గట్టు మీది కానుగకు మిరప మందు కొడదామన్న ఆలోచన కూడా ఆ కోవలోనిదే.

పైగా, కోడు బుడిపెలో ఉన్నది ఒక్క పురుగే అనుకోవడం పొరపాటు. లోపల పిల్ల హాయిగా తింటూ ఉంటే, గోడలోనుండి సన్నని సూదివంటి అంగాన్ని దింపి దాని మీద గుడ్డు పెట్టే బుల్లి కందిరీగలు ఉన్నవి. మరికొన్ని ఆ పిల్ల ఇంకా బయటి ఆకు మీద గుడ్డుగా ఉండగానే పట్టుకొంటాయి. వరి ఉల్లికోడుకు ప్లాటిగాస్టర్ అనే బుల్లి కందిరీగ శత్రువు. ఒక్క కోడు పిల్ల పొట్టలోనుండి పదుల సంఖ్యలో బయటికి వస్తాయి. ఆఫ్రికా పడమటి దేశాలలో వరికి ఉల్లికోడు తెచ్చే ఈగ వేరే జాతిది. అక్కడ వరిపొలాల గట్లమీద అరిక జాతి గడ్డి పెరుగుతుంది, దానికీ ఒక కోడు ఈగ ఉన్నది. గడ్డి ఈగ వరికి రాదు. కాని గడ్డి ఈగను తినే కందిరీగలు వరి ఈగను కూడా తింటాయి. అక్కడ పరిశోధకులు తేల్చిన సంగతి ఇది. వరి లేని రోజుల్లో ఆ మిత్రపురుగులకు కూడు పెట్టేది గట్టుమీది గడ్డి అన్నమాట. గట్లన్నీ గొరిగి శుభ్రంగా ఉంచడమే మంచి సేద్యమని నమ్మేవారు దీనిని కొంచెం ఆలోచించవలె.

వ్రాసిపెట్టడం ఎందుకన్నదానికి జామాయిల్ కథ ఒక్కటి చాలు. ప్రకాశం జిల్లా మెట్టలలో కాగితం మిల్లుల కోసం జామాయిల్, సుబాబుల్, సరుగుడు ఎంతగా వేశారో మీకు తెలుసు. 2000 సంవత్సరంలో ఇజ్రాయెల్ వైపు జామాయిల్ చెట్ల ఆకు ఈనెలు, తొడిమలు, లేతకొమ్మలు ముడులు కట్టి వంకరపోవడం కనబడింది. ఆస్ట్రేలియానుండి వచ్చిన ఒక బుల్లి కందిరీగ దానికి కారణం. పొడవు ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు. మగది లేకుండానే ఆడది సంతానం పెట్టగలదు గనుక ఒక్కటి వచ్చినా చాలు. 2001 ప్రాంతంలోనే దక్షిణ భారతదేశంలో అడుగుపెట్టింది. దానికి లెప్టోసైబే ఇన్వేసా అని శాస్త్రీయంగా పేరు పెట్టింది 2004లో. అంటే పేరు పుట్టకముందే పురుగు మన నర్సరీలకు చేరింది. తరువాత నర్సరీలలో, లేత తోటలలో ఎంతో నష్టం జరిగింది. కొన్ని క్లోన్లు బాగా దెబ్బతిన్నాయి, కొన్ని తట్టుకొన్నాయి. దానిని తినే మరొక బుల్లి కందిరీగను ఇజ్రాయెల్ నుండి తెప్పించి వదిలారు. ఈ పురుగు మొట్టమొదట ఏ ఊరి మొక్కమీద, ఏ నెలలో కనబడిందో ఊరూరా ఒక నోటుబుక్కు ఉండి ఉంటే తెలిసేది, మొక్కలు ఆ నర్సరీనుండి ఇంకో తాలూకాకు పోకుండా ఆపడానికి వీలుండేది.

మిరప నల్ల తామర పురుగు సంగతి కూడా అంతే. మన దేశంలో అది బొప్పాయి మీద కనబడినట్లు 2015లోనే నమోదై ఉన్నది. మిరపమీద విరుచుకుపడింది 2021లో. ఆ మధ్య ఆరేళ్ళూ గట్లమీద, పెరళ్ళలో అది ఏ మొక్కలమీద ఎంత ఉన్నదో ఊరివారెవరైనా వ్రాసిపెట్టి ఉంటే ఎంత ఉపయోగపడేదో ఊహించండి.

ఎట్లా వ్రాయవలెనో చెబుతాను. పెద్ద చదువు అక్కరలేదు. ఎనిమిదో తరగతి పిల్ల చేయగలదు, చాలాసార్లు పెద్దలకంటె మేలుగా చేస్తుంది. ఒక గట్టి అట్ట నోటుబుక్కు, పెన్సిలు, బ్లేడు, పది రెట్ల భూతద్దం, పాత వార్తాపత్రికలు, రెండు మూడు గాజు సీసాలు ఉంటే చాలు. పెన్సిలుతోనే వ్రాయండి. సిరా, బాల్‌పెన్ను వ్రాతలు తడికి, స్పిరిట్‌కు చెరిగిపోతాయి.

మొదట తేదీ, ఊరు, చోటు. "పొలం దగ్గర" అంటే చాలదు. చెరువు తూర్పుకట్ట, ఫలానా వాగు వంతెన ప్రక్కన అని ఉండవలె, మరొకరు పోయి అదే చెట్టు పట్టుకోగలగాలి. తరువాత మొక్క పేరు, మీ ఊరిలో ఎట్లా పిలిస్తే అట్లాగే. పేరు తెలియకపోతే పువ్వో కాయో ఉన్న రెమ్మ ఒకటి పత్రికల మధ్య పెట్టి బరువుంచి ఎండబెట్టండి, రోజూ కాగితం మార్చండి. మొక్క పేరు తప్పితే పురుగు పేరు తప్పినట్లే, ఎందుకంటే కోడు పురుగును గుర్తుపట్టే సగం దారి మొక్కే.

ఆ తరువాత బుడిపె. ఏ భాగం మీద ఉన్నది, ఆకు పైనా, క్రిందా, ఈనె మీదనా, తొడిమకా, మొగ్గకా, కాండానికా, వేరుకా. పరిమాణం మిల్లీమీటర్లలో కొలవండి. స్కేలు లేకపోతే ఆవగింజంత, కందిగింజంత, శనగగింజంత అని వ్రాసినా పనికివస్తుంది. రంగు, నూగు ఉన్నదా నున్నగా ఉన్నదా, నోరు ఉన్నదా మూసి ఉన్నదా. అప్పుడు చీల్చి చూడండి. గది ఒకటా చాలానా, గదిలో పిల్ల ఒకటా గుంపా, కాళ్ళున్నవా, తల కనబడుతున్నదా. బయట గుండ్రని చిన్న రంధ్రం ఉండి లోపల ఖాళీగా ఉంటే పురుగు వెళ్ళిపోయింది. అదీ వ్రాయండి.

లెక్క మరవకండి. నాలుగు దిక్కులనుండి ఇరవై అయిదేసి ఆకులు, మొత్తం నూరు, ఏరకుండా చేతికి వచ్చినవి వచ్చినట్లు కోసి ఎన్నింటికి బుడిపెలున్నవో వ్రాయండి. ఒక్కటీ లేకపోతే "సున్న" అని వ్రాయండి. విస్తరణ కార్యకర్తలకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. పుస్తకాలలో సున్నలు కనబడవు, అందరూ ఉన్నదే వ్రాస్తారు. పోయిన యేడు సున్న అని ఉంటేనే ఈ యేడు పది కనబడితే అది క్రొత్తగా వచ్చిందని తెలుస్తుంది. ఫోనులో ఫొటో తీసేటప్పుడు ప్రక్కన రూపాయి బిళ్ళ పెట్టండి. ఒక ఫొటో మొత్తం కొమ్మది, ఒకటి బుడిపెది, ఒకటి చీల్చినది.

లోపలి పురుగు పెద్దదై బయటికి రావాలంటే ముదిరిన బుడిపెలను గాజుసీసాలో వేసి, మూతకు బదులు పల్చని గుడ్డ కట్టి, నీడలో పెట్టి రోజూ చూడండి. అడుగున ఒక కాగితం ముక్క వేయండి, చెమ్మకు బూజు పట్టకుండా ఉంటుంది. బయటికి వచ్చినవాటిని స్పిరిట్‌లో వేసి, తేదీ వ్రాసిన కాగితం ముక్కను ఆ స్పిరిట్‌లోనే వేయండి. ఇక్కడ చదువుకొన్నవారు కూడా తప్పటడుగు వేసే చోటు ఒకటి ఉన్నది. సీసాలో మొదట కనబడిన పురుగే బుడిపె చేయించిన పురుగు అనుకొంటారు. చాలాసార్లు అది దానిని తిని పెరిగిన మిత్రపురుగు. మెరిసే నీలం, ఆకుపచ్చ రంగుల్లో నాలుగు రెక్కలతో ఉన్న బుల్లి కందిరీగ వస్తే సామాన్యంగా అనుమానించవలె. దోమలాగా పొడుగు కాళ్ళు, పూసలదండ వంటి మీసాలు, రెండే రెక్కలు ఉంటే అది ఇంటి యజమాని కావచ్చు. జామాయిల్ బుడిపెలో మాత్రం యజమాని కూడా కందిరీగే కాబట్టి రెండు రకాలు వస్తే రెండూ దాచండి, ఏది ఎన్ని వచ్చినవో వ్రాయండి.

వాపులన్నీ పురుగులవి కావని కూడా గుర్తుంచుకోండి. తుమ్మకొమ్మలమీద పెద్ద ముద్దలు కొన్ని త్రుప్పు తెగులు బూజువి, చీల్చితే గది ఉండదు, పురుగు ఉండదు. మిరప, వంగ, బెండ వేళ్ళకు పూసలలాగా ఉండేవి నులిపురుగులవి. శనగ, మినుము, పెసర, వేరుశనగ వేళ్ళ బుడిపెలు మన భూమికి నత్రజని కూర్చేవి. తేడా తెలియాలంటే వ్రేలితో రుద్దండి. పప్పుజాతి బుడిపె సులువుగా ఊడి వస్తుంది, చిదిపితే లోపల లేత ఎరుపు. నులిపురుగు వాపు వేరులోనే భాగం గనుక ఊడదు, వేరు తెగవలసిందే.

నెలకొకసారి, అదే దారిన, అవే చెట్లు చూడండి. రెండు కానుగలు, ఒక జమ్మి, ఒక తెల్లతుమ్మ, కంచెమీది కాకిదొండ, పత్తిచేను గట్టున తుత్తురుబెండ, జామాయిల్ తోట ఉంటే దాని అంచు వరుస, ఇవి చాలు. గంట పని. ఎన్నడూ చూడని బుడిపె కనబడితే, లేక సున్న ఉన్నచోట హఠాత్తుగా ఎక్కువైతే, రెమ్మను రెండు పత్రికల మధ్య పెట్టి, పురుగుల సీసాతోపాటు గుంటూరు లాం ఫారంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో గాని, బాపట్ల వ్యవసాయ కళాశాలలో గాని, దర్శి కృషి విజ్ఞాన కేంద్రంలో గాని పురుగుల శాస్త్రజ్ఞులకు చూపండి. పచ్చి కొమ్మను ప్లాస్టిక్ సంచిలో కట్టి తీసుకొని పోకండి, దారిలో చెమటపట్టి కుళ్ళుతుంది. జామాయిల్ దయితే సీసా మూతి గుడ్డను రెండు మడతలు వేసి బిగించి కట్టండి. ఆ పురుగు దారిలో తప్పించుకొంటే మీరే దానిని క్రొత్త ఊరికి చేర్చినవారవుతారు. నోటుబుక్కు మాత్రం ఇవ్వకండి, ఆ పేజీ నకలు వ్రాసి ఇచ్చి పుస్తకం ఇంటిలోనే ఉంచండి.